ఏసోబు ఇచ్చిన తాటాకులు

దొనకట్టపాలెం సీయోను బడి హెడ్మాస్టరు జెకర్యాగారిని ప్రశ్న అడిగి, జవాబు మూటగట్టుకుని ఇంటికెళ్ళిన మనిషి ఆ సముద్రతీరంలో ఇంతవరకూ పుట్టలేదు. అడిగినవాడికి ఆయన పని చెప్పేవారు. ఒకసారి పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "దేవుడెక్కడుంటాడో మీ పిల్లలకి ఎలా చెబుతారండీ?" అని నిలదీస్తే, "బావిలో బొక్కెన పడిపోయిందండీ, కాస్త తీసిపెడతారా?" అన్నారట. ఆ పెద్దమనిషి చొక్కా విప్పి, పాతాళగరిగె వేసి, పొద్దు వాలేదాకా కుస్తీ పట్టి, తాతలనాటి నుంచి ఆ బావిలో మునిగిన చెంబులూ బిందెలూ బండికెత్తు పైకి లాగి, ఆఖరికి బొక్కెన దొరికిన సంబరంలో ప్రశ్న మరిచిపోయి బస్సెక్కాడని చెబుతారు. నమ్మనివాళ్ళు నమ్మకపోవచ్చు. ఆ వేసవిలో ఊళ్ళో ప్రతి వంటింటికీ పోయిన చెంబొకటి తిరిగొచ్చిన మాట మాత్రం నిజం.

ఆయన బడిగంట కొట్టే తీరు కూడా సామాన్యమైంది కాదు. గంట మోగితే కాలవకి అవతల ఉప్పు కుప్పల మీద వాలిన కొంగలన్నీ ఒక్కసారి లేచి, సముద్రం మీద ఓ చుట్టు చుట్టి, ప్రార్థన అయిందో లేదో మెడలు సాచి చూసుకుని మళ్ళీ వాలేవి. ఆ కాలవే ఆ ఊరిని నిలువునా చీల్చింది. తూర్పున ఉప్పు మడులు, పడమట వేరుశెనగ చేలు. తూర్పువాళ్ళకి ఎండాకాలంలో వాన పగవాడు; పడమటివాళ్ళకి అదే వాన మేనమామ. మధ్యలో తాటిదుంగల వంతెన, వంతెన పక్కనే బడి. రెండువైపుల పిల్లలూ అక్కడికే వచ్చి, ఒకే చాప మీద కూచుని, ఒకే దేవుడికి చేతులు జోడించేవారు. ఆ సంవత్సరం దాకా అందులో చిక్కేమీ రాలేదు. వచ్చిందీ అంటే, సలోమి టీచరు వచ్చాకే వచ్చింది.

సలోమి ట్రైనింగు పూర్తిచేసి, ట్రంకుపెట్టె నిండా రంగు కాగితాలూ, గుండె నిండా దేవుడి పనీ నింపుకుని వచ్చిన పిల్ల. ఆమె వాక్యం నేర్పితే బండరాయి కూడా తడుముకోకుండా అప్పజెప్పేది. మూడో తరగతిని చేతికిస్తే మాసం తిరక్కుండానే వరండాలో కట్టేసిన మేకలు కూడా ప్రార్థనవేళకి నెమరు ఆపి నిలబడేవని ఆ ఊరివాళ్ళు ఈనాటికీ చెబుతారు. కానీ మేకల మధ్య ప్రార్థన ఆమెకి నచ్చలేదు. పిల్లల మనసు కుదురుకోవాలంటే ప్రత్యేకంగా ఒక చోటుండాలి, అక్కడ అడుగుపెడితే దేవుడి ఇంట్లో అడుగుపెట్టినట్టుండాలి అనుకుంది. బడి ఆవరణలో వెదుళ్ళు పాతించి, 'ప్రార్థన పందిరి' అని పేరు పెట్టింది. అంతా అయ్యాక చూస్తే కప్పడానికి తాటాకు లేదు. ఆ ఏడాది తాటాకు ఎంత కరువంటే, విసనకర్ర ఉన్న ఇంటికి పిల్లనిచ్చేలా ఉన్నారు.

అలాంటి రోజుల్లో తూర్పువైపు పిల్ల హెప్సిబా ఒక పొద్దున రొప్పుకుంటూ వచ్చింది. తరగతిలో అందరికంటే ముందు కళ్ళు మూసేదీ, అందరికంటే ఆఖరున తెరిచేదీ ఆ పిల్లే.

"టీచర్, మా నాన్న ఆకు తెచ్చాడు. ఉప్పుకుప్ప మీద కప్పడానికి. పందిరికిమ్మని అడిగా. ఇస్తానన్నాడు."

"మరి కుప్పకో?"

"మీరే చెప్పారుగా టీచర్, దేవుడికిచ్చినోళ్ళ సొమ్ము దేవుడే కాపలా కాస్తాడని!"

సలోమి ఒక క్షణం తటపటాయించింది. మరుక్షణమే పొంగిపోయింది. ఇంతటి విశ్వాసం తన తరగతి గదిలో మొలకెత్తిందంటే ఏ టీచరు పొంగదు? మధ్యాహ్నానికి హెప్సిబా తండ్రి ఏసోబు తానే బండి తోలుకొచ్చాడు. "పిల్ల అన్నం ముట్టనని మొండికేసిందండీ," అంటూ ఆకు దింపాడు. "తీసుకోండి. ఇంక ఇది నాది కాదు, దేవుడిది." జెకర్యా మాస్టారు ఒక మట్ట చేతిలోకి తీసుకుని, వంచి చూసి, "ముదురాకు, ఏసోబూ. వానకి ఆగుద్ది," అన్నారు. ఆకాశంలో పూచికపుల్లంత మబ్బు లేదు. ఆ మాట అప్పుడెందుకన్నారో సలోమికి అర్థం కాలేదు. మెచ్చుకోలే కాబోలు అనుకుంది.

పందిరి లేచింది. అది ఎలాంటి పందిరంటే, రంగు కాగితాల తోరణాలతో, పూలగుత్తులతో, సముద్రంలో వేటకి పోయేవాళ్ళు లైట్‌హౌసు వదిలేసి దాన్నే గురుతు పెట్టుకునేవాళ్ళు. అందులో పిల్లల్ని కూచోబెట్టి సలోమి, "ఎవరికేం కావాలో నోరారా అడగండి, దేవుడు మీ తండ్రి," అంది. పడమటివైపు బర్నబా లేచాడు. వాడికి ఏ వాక్యమూ సగం దాటి రాదు, ప్రార్థనలో కళ్ళు మూతపడవు. "కళ్ళు, బర్నబా!" అంటే, "మూస్తే నిద్రొస్తంది టీచర్," అనేవాడు. వాడు కళ్ళు తెరుచుకునే, "ప్రభువా, మా శెనక్కాయ చేను ఎండిపోతంది, వాన కురిపించు," అని అడిగాడు. వెంటనే హెప్సిబా లేచి, కళ్ళు గట్టిగా మూసి, "ప్రభువా, ఉప్పు తీసిందాకా చుక్క పడనియ్యకు," అంది.

అక్కడితో మొదలైంది. మర్నాడు బర్నబా వెనక పడమటి పిల్లలంతా, హెప్సిబా వెనక తూర్పు పిల్లలంతా చేరారు. చాప మధ్యలో కాలవ పారినట్టు ఖాళీ ఏర్పడింది. ఒకవైపు "వాన! వాన!", ఇంకోవైపు "ఎండ! ఎండ!" పందిరి ఆకులు ఆ కేకలకి ఇటొకసారి అటొకసారి ఊగేవి. పరలోకంలో దేవదూతలు ఎవరి మనవి ముందు విన్నవించాలో తెలియక తెల్లమొహాలేశారని ఊళ్ళో చెప్పుకునేవారు. సలోమి మొదట్లో మురిసిపోయింది. అంత ఆర్తితో ప్రార్థించే పిల్లలు ఏ బళ్ళో ఉంటారు? తర్వాత్తర్వాత, ప్రార్థన ముగిశాక పిల్లలు ఆమెన్ అని ఒకళ్ళనొకళ్ళు గిచ్చుకోవడం చూసి, ఆమె మురిపెంలో చిన్న ముల్లు దిగింది.

ఒక సాయంత్రం వాన పడింది. పెద్దది కాదు, కాకి స్నానమంత. శెనగచేలో దుమ్ము అణగడానికి కూడా చాలలేదు. కానీ ఉప్పుకి ఆ మాత్రం చాలు. మడుల్లో పేరుకున్న తెల్లటి పొరంతా నీళ్ళయిపోయింది. అంతవరకూ తీసి పోసిన ఏసోబు కుప్పకి కప్పు లేదు గనక ఒకవైపు భుజం జారిపోయింది. మర్నాడు పడమటి పిల్లలు "గెలిచాం!" అని గంతులేస్తూ పందిట్లోకి వచ్చారు. హెప్సిబా రాలేదు. బయట, మిట్ట ఎండలో, కాళ్ళు బారజాపుకుని కూచుంది.

"లోపలికి రా తల్లీ," అని సలోమి పిలిచింది.

"రాను టీచర్."

"ఎందుకని?"

"దేవుడు శెనక్కాయల పార్టీలో కలిశాడు."

పిల్లలు పకపకా నవ్వారు. సలోమి నవ్వలేకపోయింది. ఆ పిల్ల తలెత్తి పందిరి కప్పు వైపు చూసి, ఎవరితోనో లెక్క తేల్చుకుంటున్నట్టు, "ఆకేమో మాది. వానేమో వాళ్ళకి," అంది. ఆ వారమంతా ప్రార్థనవేళ అక్కడే ఎండలో కూచుని రెండు చెవులూ మూసుకునేది.

సలోమి రెండో రోజు పొద్దువాలాక వంతెన దాటి ఏసోబు దగ్గరికి వెళ్ళింది. "అన్నా, ఆకు వెనక్కి తీసుకెళ్ళండి. పందిరి లేకపోయినా పరవాలేదు," అంది. ఏసోబు ఉప్పు లాగే దంతె కింద పెట్టి, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "అమ్మో, వద్దండీ! దేవుడికిచ్చింది తిరిగి పుచ్చుకుంటే కళ్ళు పోతాయి. కొత్తాకు కోసం కబురంపించా, ఇవాళో రేపో వస్తది. ఈలోగా వాన రాకుంటే బతికినట్టే. ఏడాది తిండంతా ఆ కుప్పేనండీ." కాసేపాగి, గొంతు తగ్గించి, "ఉప్పు సంగతి పోనియ్యండి టీచరుగారూ. పిల్లని చూస్తేనే భయంగా ఉంది. ముద్ద ముందు కూచుని కూడా కళ్ళు ముయ్యట్లేదు," అన్నాడు.

అంతే, సలోమి అక్కణ్ణుంచి సరాసరి జెకర్యా మాస్టారి దగ్గరికి నడిచింది. ఆయన వరండాలో కూచుని గంట నాలుకని తాడుతో కట్టుకుంటున్నారు.

"మాస్టారూ, ఆ పిల్లకి నేనేం చెప్పాలి? దేవుడు బర్నబా మాట విన్నాడంటే హెప్సిబాకి దేవుడు లేకుండా పోతాడు. వినలేదు, వాన దాని పాటికది వచ్చిందంటే ఇద్దరికీ లేకుండా పోతాడు. ఆకు విప్పి ఇచ్చేస్తే దేవుడికిచ్చింది లాక్కోవచ్చని నేర్పినట్టు. ఇవ్వకపోతే..." ఆమె వరండా మెట్టు మీద కూలబడింది. "భక్తి పెంచుదామని వచ్చానండీ. పెరిగిందేమిటో నాకే తెలియట్లేదు."

మాస్టారు తాడు పంటితో బిగించి, ముడి వేసి, "ఒంటిపూట బడే కదమ్మా. రేపు బడయ్యాక పడమటి పిల్లల్ని తూర్పుకి తీసుకెళ్ళు. ఎల్లుండి తూర్పు పిల్లల్ని పడమటికి," అన్నారు.

"తీసుకెళ్ళి ఏం చెప్పమంటారు?"

"ఏం చెప్పకు."

సరే, ఆయన పద్ధతి తెలిసిందే గనక ఆమె తీసుకెళ్ళింది. ఉప్పు మడుల దగ్గర ఎండ ఎలాంటిదంటే, నీడ కూడా కాళ్ళు కాలి యజమాని వెనక దాక్కుంటుంది. బర్నబా ఉత్సాహంగా మడిలోకి దిగాడు. కాలి మీద ముల్లు గీసిన గాయానికి ఉప్పునీళ్ళు తగలగానే, "మంట! మంట టీచర్!" అని ఎగిరి గట్టు మీద పడ్డాడు. ఏసోబు నవ్వి, తన అరికాలు ఎత్తి చూపించాడు. బీటలు వారిన చెరువు అడుగులా ఉంది. "మాకలవాటేలేరా అబ్బాయ్," అన్నాడు. బర్నబా కుప్ప చుట్టూ తిరిగి, నాలికతో ఒకసారి రుచి చూసి, జారిపోయిన భుజం దగ్గర ఆగాడు. వాన చారలు కట్టిన చోట చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"టీచర్, ఇది మా వాన చేసిందేనా?"

ఏం చెప్పకు అన్నారు గనక సలోమి చెప్పలేదు. చెప్పమన్నా ఆమె దగ్గర ఏముంది గనక?

మర్నాడు హెప్సిబా శెనగచేలోకి రానంది. చెయ్యి పట్టి నడిపిస్తే మూతి ముడుచుకుని వచ్చింది. బర్నబా నాయనమ్మ ఒక మొక్కని పక్కకి వంచి చూపించింది. పువ్వు రాలిన చోటు నుంచి సన్నటి ఊడలు కిందికి వేలాడుతున్నాయి. "ఇవి నేల్లోకి దిగితేనే కాయమ్మా. దిగుదామంటే నేల రాయైపోయింది. ఆ రోజు వాన పైపైన ఊది పోయింది," అంది ముసలమ్మ. హెప్సిబా మోకాళ్ళ మీద కూచుని, ఒక ఊడ కొన దగ్గర వేలితో మట్టి తవ్వబోయింది. గోరు విరిగింది. ఏడవలేదు. భుజాన ఉన్న మంచినీళ్ళ సీసా మూత తీసి, ఆ ఒక్క మొక్క మొదట్లో నీళ్ళన్నీ గుమ్మరించి, బర్నబా వైపు తిరిగి, "దీనికే పోశా. మిగతావి నీ యిష్టం," అని కొరకొరా చూసింది.

ఆ పై రోజు పందిట్లో వింత జరిగింది. "అడగండి పిల్లలూ," అంటే ఎవరూ అడగలేదు. కొబ్బరాకుల్లా గలగలలాడే పిల్లలు, దూతల్ని తికమక పెట్టిన పిల్లలు, నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూచున్నారు. బర్నబా నోరు తెరిచి, బయట ఎండలో కూచున్న హెప్సిబాని చూసి, మూసేశాడు. తూర్పు పిల్లలు ఎండ కావాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. మధ్యలో ఖాళీ మాత్రం ఎప్పుడు పూడిందో తెలియదు, అందరూ కలిసిపోయి కూచున్నారు. సలోమి చూసింది ఆ మౌనాన్నే. బడి విడవగానే మాస్టారి దగ్గరికి నడిచింది.

"మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఉన్న భక్తి కూడా పోయింది. ఒక్కరూ నోరు విప్పట్లేదు."

"ఊఁ," అన్నారు జెకర్యా మాస్టారు. "గంటకి నూనె పెట్టాలి. సీసా ఎక్కడుందో కాస్త చూడమ్మా."

ఆమె కోపంతో సీసా వెతికి ఆయన ముందు ఠక్కున పెట్టింది. ఇంక ఈయన్ని అడిగేది లేదనుకుంది.

రెండు రోజులు గడిచాయి. ఏసోబుకి కొత్తాకు రాలేదు. ఆ పూట బడి విడిచే ముందు ప్రార్థనకి పిల్లలు పందిట్లో చేరారు. గాలి బిగదీసింది. ఆకు కదలడం లేదు. సలోమి, "కళ్ళు మూసుకోండి," అని తానూ మూసుకుని, ఇవాళ తానే ప్రార్థించాలని, "ప్రభువా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఏమడగాలి? ఏ మాట నోటి దాకా వచ్చినా దాని వెనకాలే ఎవరిదో ఒకరి మొహం వస్తోంది. "ప్రభువా..." అని మళ్ళీ అంది. ట్రైనింగులో మొదటి తరగతిలో పాసై, బండరాళ్ళ చేత వాక్యాలు పలికించిన మనిషి, అక్కడ నిలబడి తప్పిపోయిన పిల్లలా తడబడుతోంది.

"మబ్బు!"

బర్నబా గొంతు. ఆమె కళ్ళు తెరవకుండానే, "కళ్ళు, బర్నబా!" అంది.

"మూసుకుంటే మబ్బెట్టా కనపడుద్ది టీచర్? అటు చూడండి!"

చూసింది. సముద్రం మీద నుంచి ఒక మబ్బు లేచి వస్తోంది. అలాంటి మబ్బుని ఆ తీరంలో అంతకు ముందు చూసినవాళ్ళు లేరు, తర్వాత చూసినవాళ్ళు చెప్పడానికి మిగల్లేదు. నల్లటి దున్నపోతుల మంద ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆకాశమెక్కినట్టుంది. పడమటి పిల్లవాడొకడు అలవాటు కొద్దీ గంతు వెయ్యబోయి, ఎవరూ గంతు వెయ్యకపోవడం చూసి కాలు కింద పెట్టాడు. అంతలో బర్నబా వెదురు పట్టుకుని పాకాడు, ఉడతకి కూడా అంత వేగం లేదు. పైకెక్కి కట్లు పీకి మొదటి మట్ట కిందికి విసిరాడు. తోరణాలు పటపటా తెగాయి.

"దిగరా! అది దేవుడి పందిర్రా!" అని సలోమి అరిచింది.

"దేవుడు తడిస్తే కరగడు కదా టీచర్!"

ఆ మాట పూర్తయ్యీ కాకుండానే బయట నుంచి హెప్సిబా దూసుకొచ్చింది. వారం రోజులుగా దేవుడితో మాటలు లేని పిల్ల, కింద పడ్డ మట్టని రెండు చేతులా అదిమిపట్టి, "తియ్యొద్దు! ఇది దేవుడికిచ్చేశాం! తిరిగి తీసుకుంటే మా నాన్న కళ్ళు పోతాయి!" అని కేకలు. ఆ పిల్ల దేవుణ్ణి విడిచిందో పట్టుకుందో సలోమికి ఆ నిమిషంలో బొత్తిగా తెలియలేదు. బర్నబా పైనుంచి దూకి, ఆ మట్ట రెండో చివర పట్టుకున్నాడు.

"తర్వాత తిట్టుకుందువు గానీ, ముందు ఆ చివర ఎత్తు!"

హెప్సిబా వాడివైపు చూసింది. మబ్బువైపు చూసింది. ఎత్తింది.

అప్పుడు మోగింది గంట. జెకర్యా మాస్టారు ఎన్నో ఏళ్ళుగా ఆ గంట కొడుతున్నారు గానీ, అది కొట్టడం కాదు, అది వేరు. కొంగలు లేచి మరి వాలలేదు. చేలల్లోంచి పడమటివాళ్ళు, మడుల్లోంచి తూర్పువాళ్ళు, బడి కూలిపోయిందనుకుని పరుగెత్తుకొచ్చేసరికి, తాటాకు మట్టలకి కాళ్ళొచ్చి వంతెన మీద నడుస్తున్నాయి. కింద చిన్న చిన్న కాళ్ళు తప్ప పిల్లలెవరూ కనపడరు. సలోమి కొంగు నడుముకి దోపింది. ఎప్పుడు దోపిందో ఆమెకే తెలియదు. ఆనాడు ఆమె నెత్తిన మోసిన మోపుని మర్నాడు నలుగురు వస్తాదులు ఎత్తబోయి నడుం పట్టుకున్నారని ఊరంతా చెబుతుంది. తాటిదుంగల వంతెన ఆ పరుగుకి వీణ తీగలా మోగిందనీ, కాలవలో చేపలు ఒడ్డుకొచ్చి చూశాయనీ కూడా అంటారు. చేపల సంగతి ఎలా ఉన్నా, తొలి చినుకు నేల తాకేలోపు పందిరి వెదుళ్ళు బోసిగా నిలబడ్డ మాట అందరూ చూశారు.

కుప్ప దగ్గర ఏసోబు గోనెపట్టాలు పట్టుకుని దిక్కుతోచక నిలబడి ఉన్నాడు. వస్తున్నది ఏ ఆకో గుర్తుపట్టగానే, "వద్దండీ, అది దేవుడి..." అని అడ్డంగా చేతులు చాపాడు. పిల్లలు ఆ చేతుల కిందనుంచి దూరిపోయారు. వెనకాల జెకర్యా మాస్టారు, నెత్తి మీద మట్టతో, రొప్పుతూ, "వాదన తర్వాత పెట్టుకుందాం ఏసోబూ, ముందు పైకెక్కు," అన్నారు. ఏసోబు రెండు క్షణాలు మాస్టారినీ, ఆకాశాన్నీ మార్చి మార్చి చూసి, ఎక్కాడు. కింద నుంచి అందించడం, పైన పరవడం, తాళ్ళు బిగించడం. వాన దిగింది. వాన అంటే వాన! మనిషికీ మనిషికీ మధ్య గోడ కట్టినట్టు కురిసింది. మడులన్నీ ఒకే చెరువైపోయాయి. అక్కడి పంట ఆ పూటకి పోయింది. కుప్ప మాత్రం తాటాకు కప్పు కింద, ఒక భుజం లేకపోయినా, కూచున్న మనిషిలా కదలకుండా కూచుంది. బర్నబా వాన తెరలోంచి పడమటివైపు చూశాడు, తన చేను తాగుతోంది. ఇటు తిరిగి చూశాడు, మడులు కరిగిపోతున్నాయి. వాడి మొహంలో నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, ఏది ముందు వెళ్ళాలో తేలక రెండూ నిలబడిపోయాయి. సలోమి వాణ్ణి దగ్గరికి తీసుకుందామనుకుంది. తన మొహం కూడా అలాగే ఉందని ఆమెకి అనుమానం వచ్చింది.

మర్నాడు తెల్లగా తెల్లారింది. సలోమి అందరికంటే ముందు బడికి వచ్చింది. ప్రార్థన పందిరి స్థానంలో తడిసిన వెదుళ్ళూ, బురదలో అతుక్కుపోయిన రంగు కాగితాలూ. రాత్రంతా ఆమె పిల్లలకి ఏం చెప్పాలో పేర్చుకుంది. దేవుడు ఎవరి మాట విన్నాడు, ఎవరిది వినలేదు, ఇచ్చింది తిరిగి తీసుకోవడం తప్పా ఒప్పా. ఒక మాట నిలబెడితే రెండోది పడిపోయేది. మాస్టారు గంట కొట్టారు. పిల్లలు రాలేదు. మళ్ళీ కొట్టారు. ఒక్కరూ రాలేదు. మేకలు మాత్రం వచ్చి నిలబడ్డాయి.

ఆమె కంగారుగా వంతెన దాకా వెళ్ళింది. మాస్టారు వెనకాల వచ్చి పక్కన నిలబడ్డారు. కాలవకి అవతల, నీళ్ళు నిలిచిన మడుల మధ్య, ఉప్పుకుప్ప ఎండలో మెరుస్తోంది. దాని తాటాకు కప్పుకి తెగిన తోరణాలు రెండో మూడో ఇంకా అంటుకుని గాలికి ఆడుతున్నాయి. దాని చుట్టూ మూడో తరగతి మొత్తం ఉంది, తూర్పూ పడమరా అని తేడా లేకుండా. కుప్ప కరిగిందా లేదా అని బడికంటే ముందు చూడ్డానికి పోయినట్టున్నారు. అందరికీ ఎదురుగా హెప్సిబా నిలబడి ఉంది. ఆ పిల్ల పెదాలు చకచకా కదులుతున్నాయి. ఎదురుగా బర్నబా తల వంచుకుని ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడో తెరిచాడో ఇంత దూరానికి తెలియడం లేదు. మాటలు గాలి మీద వచ్చినట్టే వచ్చి, కాలవ మధ్యలో పడిపోతున్నాయి.

సలోమి చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మాస్టారూ, ఆ పిల్ల ప్రార్థన చేస్తోందా, బర్నబాని తిడుతోందా?"

జెకర్యా మాస్టారు గంట తాడు చేతికి చుట్టుకున్నారు.

"పందిరి అక్కడుంది. పిల్లలూ అక్కడే ఉన్నారు. ఇక్కడుంది నువ్వేనమ్మా."